మన పిల్లల ఉద్యోగములు – సంఘము చేయదగిన పని
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)

ఈ షోలాపూరులో మనకొక భాగ్యమున్నది. మనము వేపపువ్వు పచ్చడి కలుపుకొను నాడే మన ఇరుగుపొరుగు మరాఠీవారు ఇంటిముందు గుడి నిలబెట్టి పాడ్వా చేసికొందురు. పండుగ ఒకటే గనుక సెలవు విషయములో తగవు లేదు. ఆ సెలవు దొరికినందుననే మేమును ఇక్కడ నిలబడి మాటాడగలుగుచున్నాము.

కార్యవర్గమువారు మాకిచ్చిన విషయము మన యువకుల ఉద్యోగములు. మేము పండితులము కాము. మెట్రిక్ వరకు చదివి రైల్వేలో గుమస్తాగా పనిచేయుచున్నవారము. ఈ విషయము మాకే ఎందుకిచ్చినారో ఊహింపగలము. ఈ ఊరిలో తెలుగువాడొకడు రైల్వేలో ఉన్నాడనిన చాలును, సాయంకాలము వాని అరుగు ఖాళీగా ఉండదు. భవానీ పేటనుండి ఒక కాక, విడీ ఘర్కులునుండి ఒక అక్క, కొడుకును వెంటబెట్టుకొని వత్తురు. "తమ్మీ, నువ్వు రైల్వేల ఉన్నవు గద, మా పోరన్ని ఏడనన్న పెట్టియ్యరాదు" అందురు. "అక్కా, నా చేతుల ఏమున్నది, పరీక్ష రాయాలె" అనిన వారికి నమ్మకము కలుగదు. మనవాడు మాటసాయమునకు వెనుకాడుచున్నాడని తలచి, ఇచ్చిన చాయ సగము త్రాగి లేచిపోవుదురు. నిజమునకు మా సంతకము మా సెలవుచీటీ మీద తప్ప మరెక్కడను చెల్లదు. అక్కడను పై అధికారి ఒప్పుకొన్నప్పుడే.

ఆ అక్కను తప్పుపట్టుటకు వీలులేదు. "పెట్టించుట" అను మాట మన కుటుంబములలో ఊరకనే పుట్టలేదు. 1860లో ఈ ఊరికి రైలు వచ్చినది. 1877లో మొదటి నూలుమిల్లు నడువనారంభించినది. దానిని ఈనాటికిని జూనీ మిల్లు అనియే పిలుతురు. ఆ దరిమిలా మన తాతలు కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు పల్లెలనుండి మగ్గము గుంట విడిచి ఇక్కడకు వచ్చినారు. వచ్చినవానికి మిల్లులో పని ఎట్లు దొరికినది? దరఖాస్తు లేదు, పరీక్ష లేదు. మేనమామయో, పెద్దబావయో చేయిపట్టుకొని మిల్లు గేటు వద్దకు తీసికొనిపోయి జాబరుకు అప్పగించెడివాడు. జాబరు "రేపటినుండి రమ్ము" అనెడివాడు. అంతే ఉద్యోగము. ఒక్కడు కుదిరిన వాని వెనుక పదిమంది కుదిరెడివారు. ఆనాటి మన ఉద్యోగ సహాయ పథకము అదియే. దానికి కార్యాలయము లేదు, రసీదు పుస్తకము లేదు. అయినను వేలకొలది కుటుంబములను నిలబెట్టినది.

జూనీ మిల్లు 1960వ దశకములో మూతబడినది. మిగిలిన పెద్ద మిల్లులును ఆ పిమ్మట ఒకటి వెంట ఒకటి నిలిచిపోయినవి. జాబరు పోయినాడు, గేటు పోయినది. ఆ మాట మాత్రము మన ఇండ్లలో నిలిచియున్నది. "పెట్టించువాడు" ఎక్కడనో ఉన్నాడని, వానిని కనుగొనుటయే పని అని మనము ఇంకను నమ్ముచున్నాము. ఆ నమ్మకమునకు ఈనాడు కొనువారున్నారు. వారిని గూర్చియే మొదట మనవి చేయవలెను.

2022లో తమిళనాడునుండి 28 మంది యువకులను ఢిల్లీకి రప్పించి, న్యూఢిల్లీ స్టేషనులో రోజునకు 8 గంటల చొప్పున ఇంచుమించు నెలరోజులు వచ్చిపోవు బండ్లను, పెట్టెలను లెక్కింపజేసినారు. టికెట్ కలెక్టరు మొదలగు ఉద్యోగములకు అది శిక్షణ అని వారికి చెప్పినారు. వారందరియొద్ద వసూలైనది మొత్తము 2 కోట్ల 67 లక్షల రూపాయలు. ఆ యేడాది డిసెంబరులో పత్రికలన్నిటిలోను వచ్చిన వార్త ఇది. రైల్వేలో పనిచేయుచున్న మాకు ఈ వార్తలో మోసము కంటె ఆ లెక్క ఎక్కువ బాధ కలిగించినది. నెలరోజులు ఎండలో నిలబడి శ్రద్ధగా బండ్లు లెక్కించిన పిల్లలు సోమరులు కారు, పనికిమాలినవారు కారు. ఇంటివారు పొలమో బంగారమో అమ్మి ఇచ్చిన డబ్బునకు బదులు నిజాయితీగా పని చేయుచున్నామనియే అనుకొన్నారు. అటువంటి పిల్లలు మన పేటలలోను ఉన్నారు.

కావున ఈ సభలోని తల్లిదండ్రులకు ఒక్క మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. రైల్వే ఉద్యోగమునకు రుసుము ఎంతయో ప్రకటనలోనే అచ్చువేయుదురు. లెవెల్ ఒకటి ఉద్యోగములకు 2025 ఆరంభములో దరఖాస్తులు పిలిచినప్పుడు సామాన్యులకు 500 రూపాయలు. కంప్యూటరు పరీక్షకు హాజరైనచో అందులో 400 తిరిగి ఇత్తురు. షెడ్యూల్డ్ కులములు, తెగలు, స్త్రీలు మొదలగువారికి 250. హాజరైనచో ఆ మొత్తమంతయు తిరిగి వచ్చును. ఇంతకు మించి ఒక్క రూపాయి అడిగినవాడు, ఎవని బంధువైనను, ఏ రంగు గుర్తింపు కార్డు మెడలో వ్రేలాడదీసికొన్నను, ఉద్యోగమిచ్చువాడు కాడు. (పరీక్షకు పోక ఆ 400 రూపాయలు పోగొట్టుకొను పిల్లలను గూర్చి వేరే చెప్పవలెను. "ఎట్లాగూ రాదు" అని పడుకొందురు. రాకపోవుట సరే, నాలుగు వందలైన తెచ్చుకొనవలదా?)

పెట్టించువాడు లేడన్నప్పుడు సంఘము చేయునదేమి? మా అభిప్రాయము ఇది: ఉద్యోగమిచ్చుట మన చేతిలో లేదు, పిల్లవాడు పరీక్ష గది వరకు, ఆ పిమ్మట కాగితముల తనిఖీ బల్ల వరకు చెక్కుచెదరక చేరునట్లు చేయుట మన చేతిలో ఉన్నది. మనవారు ఎక్కువగా పడిపోవుచున్నది లెక్కలలో కాదు, కాగితములలో.

మన పేటలోనే ఒక కుర్రవాడు. తల్లి బీడీలు చుట్టును, తండ్రి పవర్‌లూమ్ మీద పని. వాడు వ్రాతపరీక్ష దాటినాడు, పరుగు దాటినాడు, మూట మోసినాడు. కాగితముల తనిఖీలో వాడు చూపిన దాఖలా రాష్ట్ర ప్రభుత్వపు నమూనాలో ఉన్నది. కేంద్ర ఉద్యోగమునకు కావలసినది కేంద్రపు నమూనా. వానిని సామాన్యుల లెక్కలో చేర్చినారు. అక్కడికి మార్కులు చాలలేదు. మూడేండ్ల శ్రమ. ఈనాడు తువాళ్ళ కార్ఖానాలో మడతలు పెట్టుచున్నాడు. అది గౌరవము లేని పని అని మేము అనుటలేదు. వాడు సంపాదించుకొన్నది వానికి దక్కలేదనియే మా బాధ.

జాతి దాఖలా సంగతి వలసవచ్చిన కుటుంబములకు ప్రత్యేకమైన చిక్కు గనుక కొంచెము ఓపికతో వినుడు. మహారాష్ట్రలో ఇతర వెనుకబడిన తరగతులకును, పద్మశాలీలు చేరియున్న ప్రత్యేక వెనుకబడిన తరగతికిని దాఖలా కావలెనన్న, 1967 అక్టోబరు 13 నాటికే కుటుంబము ఈ రాష్ట్రములో ఉండినట్లు నిదర్శనము చూపవలెను. షెడ్యూల్డ్ కులములకు ఆ తేదీ 1950 ఆగస్టు 10. విముక్త, సంచార జాతులకు 1961 నవంబరు 21. మన తాతలు అంతకు ముందే వచ్చినారు, నిజమే. కాని నిదర్శనమేది? తాత బడికి పోలేదు. మిల్లు మూతబడినది. ఇల్లు అద్దె ఇల్లు. వంద యేండ్లుగా ఈ ఊరిలో ఉన్నవాడు ఈ ఊరివాడని చెప్పు కాగితము లేక తహశీలు చుట్టు తిరుగుచున్నాడు.

ఇట్టి కుటుంబమునకు దారి లేకపోలేదు. తాత చదువకపోయినను తాత తమ్ముడు రెండు తరగతులు చదివియుండవచ్చును. ఆ బడి రిజిస్టరు నకలు పనికివచ్చును, వంశావళి సరిగా వ్రాసి చూపినచో. పురపాలక జనన మరణ రిజిస్టరులో ముత్తవ్వ మరణము నమోదై యుండవచ్చును. ఇంటిలోని పాత ట్రంకుపెట్టెలు తెరువుడు. సంఘములో డెబ్బది దాటిన పెద్దలున్నారు; ఎవరి తాత ఏ బడిలో చదివినది, ఏ ఇంటిలో కాపురమున్నది వారికి జ్ఞాపకము. సిఫారసు చేయు పెద్దలు మనకు అక్కరలేదు, జ్ఞాపకమున్న పెద్దలు కావలెను. వారు ఆదివారమునాడు ఒక గంట వచ్చి కూర్చున్న, తహశీలుకు నాలుగు తిరుగుళ్ళు తగ్గును.

ఇటీవల వచ్చిన కుటుంబముల సంగతి వేరు. ఆంధ్రలో, తెలంగాణలో షెడ్యూల్డ్ కులముగానో తెగగానో గుర్తింపుగలవారు ఇక్కడకు వచ్చినంతమాత్రమున ఇక్కడ ఆ గుర్తింపు రాదు. మర్రి చంద్రశేఖరరావు కేసులో 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము ఈ విషయము తేల్చినది. ఆ కేసు ఆంధ్రనుండి బొంబాయి వచ్చిన ఒక కుటుంబములోని విద్యార్థి వైద్యకళాశాల ప్రవేశమును గూర్చినదే. కులము మనిషి వెంట వచ్చును గాని జాబితా రాదు. అయితే తండ్రికి స్వరాష్ట్రములో ఇచ్చిన దాఖలా ఆధారముగా ఇక్కడి అధికారి పిల్లవానికి దాఖలా ఇచ్చు వీలు 1980వ దశకపు కేంద్ర ఉత్తరువులలో ఉన్నది. అది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగములకును, స్వరాష్ట్రములోని వాటికిని చెల్లును. మహారాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగములకు చెల్లదు. ఈ భేదము తెలియక రెండిటికిని ఒకే కాగితము జతపరచువారున్నారు.

పేర్ల సంగతి చెప్పిన నవ్వుదురు. మన ఇంటిపేరు మరాఠీ చెవికి ఒక విధముగా వినబడును, ఇంగ్లీషులో వ్రాయు గుమస్తాకు మరొక విధముగా. గడ్డము వారింటి పిల్లవాడు బడిలో ఒక అక్షరముతో, ఆధారులో మరొక అక్షరముతో ఉండును. తండ్రి పేరు ఒకచోట మధ్యలో, ఒకచోట చివర. పదవ తరగతి పట్టాలో ఎట్లున్నదో తక్కిన కాగితములన్నిటిలోను అట్లే ఉండవలెను. దిద్దించుకొనుట పదవ తరగతికి ముందైన సులభము, తరువాత కష్టము, ఉద్యోగపు తనిఖీ నాటికి అసాధ్యము. ఏడవ ఎనిమిదవ తరగతి పిల్లల తల్లిదండ్రులు ఈ సభలో ఉన్నచో, మీరే మా మాట ముఖ్యముగా వినవలసినవారు.

ఇప్పుడు భాష. తెలుగు సంఘపు వేదిక మీద ఈ మాట చెప్పుటకు కొంచెము జంకుచున్నాము. రైల్వే పరీక్షలు తెలుగుతో సహా 15 భాషలలో వ్రాయవచ్చును. 2024 నుండి కేంద్ర సాయుధ పోలీసు కానిస్టేబులు పరీక్షయు హిందీ, ఇంగ్లీషు గాక 13 ప్రాంతీయ భాషలలో జరుగుచున్నది. ఇది సంతోషకరమే. కాని మరాఠీ బడిలో చదివిన మన పిల్లవాడు అభిమానముకొలది దరఖాస్తులో తెలుగు అని గుర్తుపెట్టిన నష్టపోవును. ఇంటిలో అమ్మతో మాటాడు తెలుగు వేరు. వక్రీభవనము, కసాగు, చక్రవడ్డీ అను తెలుగు వేరు. 90 నిమిషములలో 100 ప్రశ్నలు. తప్పు జవాబునకు మూడవ వంతు మార్కు కోత. అక్కడ భాషాభిమానమునకు చోటు లేదు. ఏ భాషలో లెక్కలు నేర్చినాడో ఆ భాషయే కోరవలెను. తెలుగు బడిలో చదివినవాడు నిర్భయముగా తెలుగు కోరవచ్చును. సైబరు దుకాణమువాని ఇష్టమునకు మాత్రము విడువరాదు.

లెక్క కూడ చెప్పుట ధర్మము. 2019లో లెవెల్ ఒకటి స్థానములు 1,03,769 ప్రకటించినప్పుడు సుమారు 1 కోటి 15 లక్షల దరఖాస్తులు వచ్చినవి. పరీక్ష 2022లో గాని జరుగలేదు. తరువాతి ప్రకటనలో స్థానములు 32,438; దరఖాస్తులు 1 కోటి 8 లక్షలకు పైగా. అనగా ఒక్కొక్క స్థానమునకు 330 మందికి మించి. ఈ లెక్క తెలిసియు పిల్లవానిని ఇరువది యెనిమిదవ యేటివరకు ఇంటిలో కూర్చుండబెట్టి "రైల్వేకు చదువుచున్నాడు" అని చెప్పుకొను తండ్రులతో మేము ఏకీభవింపము. చదువవలెను, వ్రాయవలెను; చేతిలో ఒక పని కూడ ఉండవలెను.

మెట్రిక్ అయినవాడు ఐ.టి.ఐ.లో ఫిట్టరో, ఎలక్ట్రీషియనో, వెల్డరో చదివిన మరొక ద్వారము తెరచుకొనును. 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద రైల్వే కర్మాగారములు పిల్లలను శిక్షణకు తీసికొనును. 2024లో మధ్య రైల్వే ఒక్కటే 2,424 మందికి ప్రకటన ఇచ్చినది; అందులో మన షోలాపూరు విభాగము, కుర్దువాడి వర్క్‌షాపు చేరియున్నవి. దీనికి వ్రాతపరీక్ష లేదు. పదవ తరగతి మార్కులు, ఐ.టి.ఐ. మార్కులు చూచి ఎన్నిక. శిక్షణ కాలములో భృతి ఇత్తురు. శిక్షణ తోడనే ఉద్యోగము రాదు, ఆ ఆశ పెట్టరాదు. కాని రైల్వేలో శిక్షణ ముగించి జాతీయ పట్టా పొందినవారికి లెవెల్ ఒకటి స్థానములలో నూటికి 20 ప్రత్యేకించియున్నారు. ఇంత దగ్గరి దారి మన పేటలలో ఎందరికి తెలియును? పదవ తరగతి ఫలితములు వచ్చిన వారములోనే సంఘపు పలక మీద ఇది పెద్ద అక్షరములతో వ్రాయవలెను.

ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజి మీద ఇంకను ఆశపెట్టుకొన్న పెద్దలున్నారు. యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులకై 1945లో ఆరంభమైన ఏర్పాటు అది. 1959 చట్టము ఖాళీలు తెలుపుట విధిగా చేసినది. మచిలీపట్నపు ఎక్సైజు శాఖ కేసులో 1996లో సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజి పంపిన పేర్లతో సరిపెట్టక పత్రికలలోను ప్రకటింపవలెనన్నది. అప్పటినుండి అక్కడ పేరుండుట ఒక్కటే చాలదు. 2015 నుండి జాతీయ కెరీర్ సర్వీసు అను పేర కంప్యూటరులో నమోదు జరుగుచున్నది. ఖర్చు లేదు గనుక చేయుడు, చేసి ఊరకుండకుడు.

ప్రభుత్వము సంగతి చాలును. ఇక మన యజమానులు. దుప్పట్లు, తువాళ్ళ కార్ఖానాలవారు, యూనిఫారములు కుట్టించు వర్తకులు, దుకాణదారులు మన సభ్యులలోనే ఎందరో ఉన్నారు. 2017 జనవరిలో ఈ ఊరిలో యూనిఫారముల ప్రదర్శన జరిగినప్పుడు బయటి దేశముల కొనుగోలుదారులను గూడ పిలిచినాము. ఆ పనికి నేర్పరియైన కుట్టుపనివారు కావలెను. లెక్కలు కంప్యూటరులో వ్రాయు పిల్లలు కావలెను. మీ దుకాణములో ఖాళీ ఉన్నచో మొదట సంఘపు పలక మీద తెలుపుడు. జీతమెంతయో, పని గంటలెన్నియో వ్రాసి తెలుపుడు. 20 మంది గాని అంతకు మించి గాని పనిచేయుచోట ప్రావిడెంటు ఫండు నిబంధన వర్తించును. మనవాడు గదా అని దానిని ఎగవేయుట మనవానికి సహాయము కాదు. ఈ సభలో శాలువా కప్పించుకొను యజమాని తన గుమస్తాకు నెల ఏడవ తేదీన జీతమిచ్చుచున్నాడా అని అడుగు హక్కు సంఘమునకు ఉండవలెననియే మా అభిప్రాయము. కొందరికి కష్టము తోచవచ్చును. పండుగనాడు పచ్చడిలో చేదు కూడ ఉండును గదా.

ఆడపిల్లలను గూర్చి. తల్లి వేయి బీడీలు చుట్టవలెనన్న ప్రక్కన కూర్చుండి ఆకు కత్తిరించునది కూతురే. ఆ పిల్ల పదవ తరగతిలో అన్న కంటె ఎక్కువ మార్కులు తెచ్చుకొన్నను దరఖాస్తు మాత్రము అన్నదే పోవును. రుసుము తక్కువ, పరుగునకు వ్యవధి ఎక్కువ, మోయవలసిన బరువు తక్కువ – ప్రభుత్వము ఇచ్చిన ఈ సౌకర్యములన్నియు మన ఇండ్లలో వృథా అగుచున్నవి. పరీక్షా కేంద్రము పూనాలోనో, మరొక ఊరిలోనో పడిన వెంట వచ్చువారెవరు అను ప్రశ్న నిజమైనదే. ముగ్గురు నలుగురు పిల్లలను కలిపి ఒక పిన్నిగారినో, వదినగారినో తోడిచ్చి పంపుట సంఘమునకు పెద్ద ఖర్చు కాదు. నారళి పూర్ణిమనాడు మార్కండేయుని రథము వెంట ఎందరు స్వచ్ఛంద సేవకులు నడుతురు! అందులో పదవ వంతు చాలును.

మూట మాట ఎత్తితిమి గనుక ఆ వివరము కూడ. మగపిల్లలు 35 కిలోల బరువెత్తుకొని, క్రింద దించక, 2 నిమిషములలో 100 మీటర్లు పోవలెను. 1,000 మీటర్లు 4 నిమిషముల 15 సెకన్లలో పరుగెత్తవలెను. ఆడపిల్లలకు 20 కిలోలు, అదే దూరము, అదే వ్యవధి. పరుగునకు 5 నిమిషముల 40 సెకన్లు. ఒక్కొక్కటి ఒక్కసారియే. నూలు బేళ్ళు మోసిన తాతల మనుమలకు ఇది ఒక బరువా అనుకొందుము. సెల్ ఫోను తప్ప మరేమియు ఎత్తని చేతులకు బరువే.

కార్యవర్గమువారు అంగీకరించినారు గనుక చెప్పుచున్నాము. వచ్చే ఆదివారమునుండి ఉదయము 9 గంటలకు పఠనాలయములో రెండు బల్లలు వేయుదుము. ఒకటి దరఖాస్తులకు, ఒకటి కాగితముల తనిఖీకి. రైల్వేలో పనిచేయు మన మిత్రులు వంతులవారీగా కూర్చుండుటకు ఒప్పుకొన్నారు. మరాఠీలో అర్జీలు వ్రాయుటకు ఒక ఉపాధ్యాయులు వచ్చెదమన్నారు. వచ్చువారు పదవ తరగతి పట్టా, బడి విడిచిన దాఖలా, ఆధారు, తండ్రిగారి బడి దాఖలా, తాతగారి కాగితము ఏది ఉన్న అది, అసలుతోబాటు నకలు తేవలెను. ఇచ్చట ఎవరికిని డబ్బు ఇవ్వనక్కరలేదు. ఎవరైన అడిగిన పేరుతో సహా అధ్యక్షులవారికి చెప్పుడు. పెరటిలో పరుగునకు కొలత గుర్తులు వేయించినాము. ఇసుక ఉన్నది, తూకపు కాటా ఒక సభ్యుడు తెచ్చెదనన్నాడు. 35 కిలోలకు చినగని గట్టి గోనెసంచి రెండు, 20 కిలోలకు ఒకటి మాత్రము కావలెను. నూలు వర్తకులలో ఎవరైన రేపే పంపినచో ఆదివారమునకు కుట్టించి ఉంచుదుము.